పేను చేప మీద - గుడ్డు గుంజ మీద

ఆత్రేయపురం: మేత గోతం చుట్టూ గుమిగూడవలసిన శీలావతి చేపలు గుంజను ఒరుసుకుంటూ పోతున్నా, గట్టు వారకు వచ్చి ఒళ్లు రుద్దుకుంటున్నా, వేళ కాని వేళ నీటిపైకి ఎగిరిపడుతున్నా చెరువులో పేను పడిందని అర్థం. నాలుగు పంటలు తీసిన రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర లేదు. ఆ తర్వాత చేసే పని కూడా అందరిదీ ఒకటే. మందుల దుకాణానికి పోవడం, సీసా తెచ్చి నీళ్లలో కలిపి చెరువంతా చల్లించడం. మూడో రోజుకు చేప కుదుటపడుతుంది. మూడు వారాలు తిరిగేసరికి మళ్లీ గుంజను ఒరుసుకుంటుంది. మళ్లీ సీసా.

మందులో కల్తీ వుందనీ, దుకాణదారు మోసం చేశాడనీ అనుకోవడం కద్దు. వుంటే వుండవచ్చు. అసలు లోపం అది కాదు. సీసాలోని మందు చేపను పట్టుకున్న పేనును చంపుతుంది. పేను గుడ్డు చేప మీద వుండదు.

ఆత్రేయపురం అనగానే పూతరేకులు గుర్తుకు వస్తాయి. వాటికి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. చేపల చెరువుల విషయంలో దిగువ మండలాలకున్నంత పేరు ఈ మండలానికి లేదు. అయినా ఈ సంగతి ఇక్కడి నుంచి మొదలుపెట్టడానికి కారణం లేకపోలేదు. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి మధ్య డెల్టాకు నీరు వదిలే బొబ్బర్లంక తలుపులు ఈ మండలంలోనివే. ఆ కాలువ లొల్ల లాకుల దగ్గర చీలి కోనసీమ అంతా పారి సముద్రం అంచుదాకా పోతుంది. చెరువుకు పెట్టేది ఈ నీరే. వూళ్లలో మంచినీటి చెరువులు నింపుకునేదీ ఈ నీరే. ఎగువన ఒక రైతు చెరువులో ఒంపిన సీసా ఆ ఒక్క రైతు సొంత విషయంగా మిగలదు.

పేను పుట్టు పూర్వోత్తరాలు

చేప పేనును శాస్త్రజ్ఞులు ఆర్గులస్ అంటారు. పేరుకు పేనే గాని తలలో పేనుకూ దీనికీ చుట్టరికం లేదు. ఇది రొయ్యకూ పీతకూ దూరపు బంధువు. ఈ మాట గుర్తుంచుకుంటే ముందు ముందు మందుల విషయం తేలిగ్గా అర్థమవుతుంది. పెసరబద్దంత వుంటుంది. పల్చగా, బల్లపరుపుగా, చేప ఒంటి రంగులో కలిసిపోయి వుంటుంది. పొట్టకింద రెండు గుండ్రటి పట్టులున్నాయి. వాటితో చేపను కరచుకుని సూదిలాంటి ములుకుతో గుచ్చి రసం పీలుస్తుంది. ములుకు దిగిన చోట చర్మం కమిలి ఎర్రబడుతుంది. ఆ పుండులోకి సూక్ష్మజీవులు చేరతాయి. అప్పుడు రైతుకు కనిపించేది పుండే. పుండుకు వైద్యం జరుగుతుంది, ఆంటిబయాటిక్ మేతలో కలుస్తుంది, పేను మాత్రం రెక్క మొదట్లో హాయిగా కూర్చుని వుంటుంది.

గుడ్లు పెట్టే వేళకు ఆడపేను చేపను వదిలి ఈదుకుంటూ పోతుంది. గట్టిగా, నున్నగా వుండే చోటు చూసుకుని వరసలు వరసలుగా, వందల సంఖ్యలో గుడ్లు అంటిస్తుంది. రాయి కావచ్చు, తూము గోడ కావచ్చు, నీటిలో మునిగిన కర్ర కావచ్చు. మన ఎండలకు రెండు మూడు వారాల్లో గుడ్లు పగులుతాయి. బయటపడిన పిల్ల పేనుకు రెండు మూడు రోజుల్లో చేప దొరకాలి, లేకపోతే చస్తుంది. చేపలు కిక్కిరిసిన చెరువులో దొరకక పోవడమన్న మాట లేదు.

ఇక మన చెరువుల తీరు చూడండి. తవుడు నింపి అడుగున చిల్లులు పొడిచిన గోతాలను వరసగా పాతిన గుంజలకు కట్టి మేత పెట్టడం ఆంధ్ర రైతు సొంత పద్ధతి. వేరే రాష్ట్రాల వారు వచ్చి చూసి నేర్చుకుని పోయిన పద్ధతి. దండగ తగ్గుతుంది, చేప ఎంత తిన్నదీ తెలుస్తుంది, అందులో సందేహం లేదు. కాని పొద్దున్నే చెరువులోని చేపలన్నీ ఆ గుంజల చుట్టూ చేరతాయి. గుడ్డు పెట్టడానికి గట్టి చోటు వెతుక్కునే పేనుకు చేప పక్కనే గుంజ దొరుకుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు గుంజ పక్కనే చేప దొరుకుతుంది. రైతు తెలియకుండానే పేనుకు ఇల్లూ అన్నం ఒకే చోట అమర్చి పెట్టినట్టవుతోంది.

దీన్నే తిరగేసి మనకు అనువుగా వాడుకోవచ్చు. పేను గుడ్డు పెట్టే చోటు తెలిసినప్పుడు ఆ చోటును చెరువులోంచి తీసెయ్యడం మన చేతిలో పని. మేత గుంజలతో పాటు అక్కడక్కడా నాలుగు వెదురు తడికలో, పాత చెక్క పలకలో నీటిలో నిలబెట్టాలి. వారం పది రోజులకొకసారి వాటిని బయటకు లాగి ఎర్రటి ఎండలో బాగా ఎండబెట్టి మళ్లీ దించాలి. గుడ్డు పగిలేది రెండో వారం దాటాక కనుక ఎండినవన్నీ ఎండినట్టే పోతాయి. గుంజల్ని కూడా ఒక వరస తర్వాత ఒక వరస మార్చుకుంటూ రావచ్చు. ఉత్తర ఐర్లండ్‌లో ట్రౌట్ చేపల చెరువులో ఇలాగే పలకలు దించి, గుడ్లు పడ్డాక తీసి శుభ్రం చేసి పేనును బాగా తగ్గించినట్టు 2002లో అక్కడి శాస్త్రజ్ఞులు ప్రకటించారు. దీనికి ఖర్చు కూలి తప్ప మరొకటి లేదు. ఏ దుకాణంలోనూ దీన్ని అమ్మరు కనుక దీని సంగతి చెప్పేవారు కూడా తక్కువే.

నష్టం ఎంతో లెక్క వేసిన వారున్నారు. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2013లో ప్రకటించిన అంచనా ప్రకారం బొచ్చె, శీలావతి వంటి చేపల సాగులో పేను వల్ల హెక్టారుకు ఏటా 29 వేల రూపాయలకు పైగా పోతోంది. అంటే ఎకరాకు సుమారు 12 వేలు. ఆనాటి ధరల్లో కట్టిన లెక్క అది. చచ్చిన చేప ఒక్కటే ఇందులో లేదు. ఎదగని చేప, తినకుండా నీటిలో కరిగిన తవుడు, మచ్చపడిందని కాటా దగ్గర తగ్గించిన ధర, మందుల ఖర్చు అన్నీ వున్నాయి.

లారీలో వచ్చే చుట్టం

పేను చెరువులో తనంత తాను పుట్టదు. ఎవరో ఒకరు తీసుకువస్తారు. ఎక్కువగా తెచ్చేది చేపపిల్లల లారీయే. మన రైతులు వేలెడు పిల్లను నేరుగా పెద్ద చెరువులో వదలరు. ఏడాది పాటు చిన్న చెరువులో ఇరుకుగా, అర్ధాకలితో పెట్టి ఎదుగుదల ఆపిన పిల్లను కొంటారు. పెద్ద చెరువులో పడగానే అది ఒక్కసారిగా పుంజుకుంటుంది. లాభసాటి కిటుకే. అయితే ఏడాదిపాటు ఆ ఇరుకులో వున్న పిల్లకు పేను పట్టకపోతేనే వింత. వంద చేపల్లో అయిదింటికి వున్నా చాలు, ఆరు నెలలకు చెరువంతా దానిదే.

అందుచేత పిల్లను దించే రోజే అదను. లారీ గట్టు మీదికి రాగానే పది ఇరవై పిల్లలను తెల్ల పళ్లెంలో వేసి రెక్కల మొదళ్లు, గొంతు కింద, మొప్పల లోపల చూడాలి. ముట్టుకుంటే కదిలే మచ్చ పేను. కదలకుండా దారప్పోగులా వేలాడేది లంగరు పురుగు. దీని ఆడది తల భాగాన్ని చేప కండలోకి దించి లంగరులా పాతుకుంటుంది. లాగితే తెగుతుంది గాని వూడదు. కంటికి ఆనని మొప్పల పురుగులు కూడా వున్నాయి. వాటికి భూతద్దమో సూక్ష్మదర్శినో కావాలి. మొప్పలు పాలిపోయి జిగురు కమ్మి వుంటే అనుమానించాలి.

పెద్ద తొట్టెలో పది లీటర్ల నీటికి 200 నుంచి 300 గ్రాముల కల్లుప్పు చొప్పున కరిగించి, పిల్లలను వలతో సహా అందులో ముంచి రెండు మూడు నిమిషాలు వుంచి తీయడం పాత పద్ధతి. ఇప్పటికీ మంచి పద్ధతి. చేప తిరగబడినట్టు కనిపిస్తే గడియారం చూడకుండా వెంటనే తీసెయ్యాలి. ఉప్పుకు మొప్పల పురుగులు, కంటికి కనపడని ఇతర పరాన్నజీవులు చాలావరకు రాలతాయి. పేను కొంత వదులుతుంది. లంగరు పురుగు మాత్రం ఉప్పుకు లొంగదు. అది కనబడిన లారీని వెనక్కు పంపడమే మేలు. బేరం కుదిరి అడ్వాన్సు ఇచ్చిన తర్వాత వెనక్కు పంపడం మాటల్లో తేలికే గాని చేతల్లో కష్టమన్న మాట నిజం. అందుకే పిల్లను అవతలి చెరువు దగ్గరే చూసుకుని బేరమాడడం తెలివైన పని.

2020 నుంచి క్వారంటైన్ అన్న మాట తెలియని వూరు లేదు. చేపకూ అది వర్తిస్తుంది. కొత్త పిల్లను మూడు నాలుగు వారాలు విడిగా చిన్న కుంటలో పెట్టి చూసి, ఆ తర్వాత పాత చేపలున్న చెరువులో కలపాలి. మూడు నాలుగు వారాలు ఎందుకంటే, గుడ్డు పగిలి పిల్ల పేను చేప మీద తేలడానికి పట్టే కాలం అది.

ఉప్పునీటి చేపకు మంచినీరు

మంచినీటి చేపకు ఉప్పు మందయితే, ఉప్పునీటి చేపకు మంచినీరే మందు. వినడానికి పొడుపు కథలా వుంటుంది గాని సూత్రం ఒకటే. చేప ఒళ్లు పెద్దది, చర్మం గట్టిది. నీటి రుచి మారితే కాసేపు తట్టుకుంటుంది. దాన్ని అంటిపెట్టుకున్న చిన్న పురుగు తట్టుకోలేదు. దాని ఒంట్లోకి నీరు చొరబడో, ఒంట్లో నీరు బయటకు పోయో చస్తుంది.

మన పులసలాగే సముద్రం నుంచి ఏటికి ఎదురీదే సాల్మన్ చేప చలిదేశాల్లో వుంది. దానికి పట్టే సముద్రపు పేను మంచినీటిలో కొద్ది రోజుల్లోనే రాలిపోతుంది. ఏటిలో పట్టిన సాల్మన్ మీద పేను ఇంకా వుందంటే అది అప్పుడే సముద్రం నుంచి వచ్చిన తాజా చేప అని అక్కడి జాలర్లు గుర్తుపడతారు. నార్వేలో సాల్మన్‌ను సముద్రంలో వల పంజరాల్లో పెంచుతారు. అక్కడ పేను మీద సర్కారు లెక్క చాలా గట్టిది. సగటున రెండు చేపలకు ఒక పెద్ద ఆడపేనును మించకూడదు. సాల్మన్ పిల్లలు ఏళ్లలోంచి సముద్రంలోకి దిగే వసంతకాలంలో అయితే అయిదు చేపలకు ఒకటి. రైతులు చేపలను లెక్కపెట్టి చూసి అధికారులకు తెలపాలి. చల్లిన మందులు ఒకదాని తర్వాత ఒకటి పేనుకు పనిచెయ్యకుండా పోవడంతో, చేపలను ఓడ తొట్టెల్లోకి తోడి మంచినీటి స్నానం చేయించడం, పేనును ఏరుకు తినే చిన్న చేపలను పంజరంలో వదలడం మొదలుపెట్టారు. ఒక్క మందునే నమ్ముకుంటే ఏమవుతుందో చూడడానికి అంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

మన దగ్గర ఆ పోలిక పండుగప్పకు చెల్లుతుంది. అది సముద్రంలోనూ బతుకుతుంది, ఏటిలోనూ బతుకుతుంది. విశాఖపట్నంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం 2007లో సముద్రంలో పంజరం దించి పండుగప్పను పెంచి చూసింది. ఉప్పునీటిలో దీనికి కాలిగస్ అనే పేను పడుతుంది. తొట్టెలోకి దించే ముందు కొద్ది నిమిషాలు మంచినీటిలో ముంచితే చాలావరకు వదిలిపోతుంది. సముద్రపు అంచు గ్రామాల్లో పండుగప్ప వేసే రైతులు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి.

పట్టణాల్లో కొందరు ఇళ్లలో అద్దాల తొట్టెలో ఉప్పునీరు పోసి రంగుల సముద్రపు చేపలు పెంచుతున్నారు. ఆ చేపలకు వచ్చే పెద్ద జబ్బు తెల్లపొడ. ఒంటి మీద ఉప్పు రవ్వలు చల్లినట్టు కనబడుతుంది. రొయ్యల రైతులను 1990ల నడుమ నిలువునా ముంచిన తెల్లమచ్చ ఇది కాదు, అది వైరస్. ఇది క్రిప్టోకేరియాన్ అనే ఏకకణ జీవి. చేప చర్మం లోపల నాలుగు రోజుల నుంచి వారం దాకా వుండి రాలిపోతుంది. మచ్చ మాయమైంది, జబ్బు నయమైందని ఇంటివారు సంతోషిస్తారు. రాలినది తొట్టె అడుగున గుల్ల కట్టుకుని, ఒకటి వందలై మళ్లీ వస్తుంది. గుల్లలో వున్నంత కాలం ఏ మందూ దాని మీద పనిచెయ్యదు. చర్మం లోపల వున్నప్పుడు మంచినీటి స్నానం కూడా దాన్ని అందుకోలేదు. నీటిలో ఈదే ఒకటి రెండు రోజులే దానికి గండం. అందుకే చేపలన్నిటినీ వేరే తొట్టెలోకి మార్చి అక్కడ వైద్యం చేస్తూ, పాత తొట్టెను చేప లేకుండా రెండు నెలలకు పైగా వదిలేస్తారు. తగిన చేప దొరకక పుట్టినది పుట్టినట్టే పోతుంది. వైద్యానికి వాడే రాగి మందు, అంటే మన మైలుతుత్తం జాతిది, రొయ్యలకూ పగడాలకూ విషం. అవి వున్న తొట్టెలో చుక్క వేయకూడదు.

అద్దాల తొట్టె యజమాని రెండు నెలలు తొట్టె ఖాళీ పెట్టగలడు. ఎకరాల చెరువు వున్న రైతు పంట నడుమ అలా పెట్టలేడు. ఆ ఖాళీ ఆయనకు దొరికేది పంటకూ పంటకూ మధ్యనే.

సీసా కథ

ఒకప్పుడు చేప పేనుకు గమాక్సిన్ పొడి చల్లమని పుస్తకాలే చెప్పేవి. బి.హెచ్.సి. అనే ఆ మందును 1997లో మన దేశంలో నిషేధించారు. నువాన్ పేరుతో రైతులెరిగిన డైక్లోర్వాస్ వంతు ఆ తర్వాత వచ్చింది. దాని మీద 2020 డిసెంబరు 31తో నిషేధం అమలుకు వచ్చింది. పాత సీసా పాకలో చూరు కింద ఇంకా దాచి వుంటే అది వాడవలసిన వస్తువు కాదు. తర్వాత సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటివి వచ్చాయి. ఇవి కొద్దిపాటికే పేనును చంపుతాయి. పేను రొయ్యకూ పీతకూ బంధువన్న మాట ఇక్కడే పనికివస్తుంది. పేనును చంపేది రొయ్యనూ చంపుతుంది, పీతనూ చంపుతుంది, నీటిలో తేలాడే సన్న పురుగులనూ చంపుతుంది. ఆ సన్న పురుగులే బొచ్చె చేపకు సహజమైన మేత. చెరువులో నీలకంఠ రొయ్య కలిపి వేసిన రైతు ఈ మందు చల్లితే రొయ్య మీద ఆశ వదులుకోవలసిందే.

మోతాదు సంగతి మరీ విచారకరం. ఎకరా అని చెప్పి సీసా అడిగితే ఎకరాకని ఇస్తారు. నీరు మూడడుగులుందా, ఆరడుగులుందా అన్నది అడగరు, చెప్పరు. నీరు రెట్టింపు వున్న చెరువులో సగం మందు పడినట్టవుతుంది. చావకుండా మిగిలిన పేను ఆ మందుకు అలవాటుపడిన సంతానాన్ని కంటుంది. లోతు తక్కువ వున్న చెరువులో చేపే తేలుతుంది. చెరువు పొడవు, వెడల్పు, లోతు కొలిచి నీరెంతో కట్టిన తర్వాతే మందు మాట ఎత్తాలి. మత్స్య శాఖ సహాయకులను అడిగితే ఆ లెక్క కట్టి ఇస్తారు. వుండి మత్స్య పరిశోధన స్థానంలోనూ, కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థలోనూ సలహాలు దొరుకుతాయి. మందు తప్పనిసరైతే రెండు మూడు వారాలకు రెండోసారి వేయాలని వారు చెప్పేది గుడ్డు లెక్కను బట్టే. మొదటిసారి మందుతో చేప కుదుటపడింది కదా అని రెండోది మానేసే రైతులే ఎక్కువ.

మందు పడిన నీటిని వెంటనే బయటకు వదలడం అన్నిటికంటే చేటు. చెరువు నీరు మురుగు కాలువలోకే పోవాలి గాని, అన్నిచోట్లా అలా పోవడం లేదన్నది తెలియని విషయం కాదు. బోదెలో పడిన నీరు కాలువలో పడుతుంది. అందులో దిగువ వూరి పశువులు దిగుతాయి, దిగువ రైతు తన చెరువుకు పెట్టుకుంటాడు. పేను గుడ్లు కూడా ఆ నీటి వెంట పోతాయి. దిగువ రైతుకు ఎగువ రైతు మందూ, పేనూ రెండూ అందుతాయి. తూముకు సన్నకంటి వల కట్టి నీరు పెట్టుకోవడం దిగువ వారికి కొంత రక్షణ. గుర్రపు డెక్క, చెత్తా చెదారం ఆ వలలో ఆగుతాయి. వాటికి అంటిన గుడ్లూ ఆగుతాయి.

వేసవిలో కాలువలు కట్టేసే రోజులే చెరువు బాగుచేసుకునే రోజులు. పట్టుబడి అయిపోయాక అడుగు నెర్రెలు విచ్చేదాకా ఎండనివ్వాలి. మడుగులు మిగిలితే వాటిలో పనికిరాని చిన్న చేపలు దాక్కుంటాయి. పేను వాటిమీద తలదాచుకుని కొత్త పంటకు కాచుకుని వుంటుంది. కనుక మడుగు తోడించాలి. తర్వాత సున్నం. ఎంతన్నది మట్టి పులుపు చూసి చెప్పవలసిన మాట. గుంజలన్నీ పీకి గట్టు మీద ఎండబెట్టాలి. తూము గోడలు గీకించాలి. పట్టుబడి ముఠా తెచ్చే వల నిన్న ఏ చెరువులో పడిందో అడగాలి. తడి వలను గట్టు ఎక్కనివ్వక ఒక పూట ఎండలో పరిపించిన తర్వాతే నీటిలో దించాలి.